మౌంటెన్ రెస్క్యూ వాలంటీర్లు విపత్తులో అడ్డం పడతారా?

"మౌంటెన్ రెస్క్యూ వాలంటీర్లంటే సరదాగా కొండలెక్కేవాళ్లు. సెల్ఫీలకు పోయి ఇరుక్కున్నవాళ్లను దించడమే వాళ్ల పని. ట్రైనింగ్ ఉండదు. నిజంగా విపత్తు వస్తే అడ్డం పడతారు. అదంతా సైన్యానికి వదిలేయాలి." కొండల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడే స్వచ్ఛంద సేవకుల గురించి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది. చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది.

దించడమే పనా? 1988 డిసెంబరు 21 రాత్రి స్కాట్లాండ్‌లో లాకర్బీ ఊరి మీద విమానం పేలిపోయి 270 మంది చనిపోయారు. శకలాలు పొలాల్లో, అడవుల్లో, కొండల మీద మైళ్ల కొద్దీ పడ్డాయి. ఆ నేలంతా గాలించినవాళ్లలో మౌంటెన్ రెస్క్యూ టీములు, వాళ్ల కుక్కలు ఉన్నాయి. 2009 నవంబరులో ఇంగ్లండ్‌లోని సీత్‌వెయిట్‌లో 24 గంటల్లో 316 మి.మీ. వాన కురిసి దగ్గర్లోని కాకర్‌మౌత్ పట్టణం మునిగినప్పుడు, జనాన్ని ఇళ్లలోంచి బయటికి తెచ్చినవాళ్లలోనూ వీళ్లున్నారు.

ఇక సైన్యానికి వదిలేయాలన్న మాట. 2017 జనవరి 18న ఇటలీలో, వరసగా భూకంపాలు వచ్చిన రోజే, రిగోపియానో హోటల్ మీద మంచుచరియ విరుచుకుపడింది. అక్కడున్నది 40 మంది. రోడ్డు మీద మనిషి మునిగేంత మంచు. మంచు తోసే బండ్లు ముందుకు పోలేకపోయాయి. ఆ రాత్రి ఆ తుపానులో హెలికాప్టర్ ఎగరలేదు. అప్పుడు ఆల్పైన్ రెస్క్యూ (ఇటలీలో మౌంటెన్ రెస్క్యూ) వాలంటీర్లు, పోలీసు దళాల్లోని కొండ నిపుణులు కలిసి బయల్దేరారు. వెనక్కి జారకుండా స్కీల (మంచు మీద నడిచేందుకు కాళ్లకు కట్టుకునే పొడవాటి పలకల) అడుగున పట్టీలు అంటించుకుని, తలకు లైట్లు కట్టుకుని, చీకట్లో కిలోమీటర్ల దూరం ఎక్కారు. తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో అక్కడికి మొదట చేరింది వాళ్లే. బయట కారులో తలదాచుకున్న ఇద్దరు వాళ్లకు ప్రాణాలతో దొరికారు. మొత్తం 11 మంది బతికారు, 29 మంది పోయారు. వాలంటీర్లా, ప్రభుత్వ దళాలా అన్న పోటీ ఆ రాత్రి లేదు. ఎవరికి ఆ మంచులో నడవడం వచ్చో వాళ్లు నడిచారు.

ట్రైనింగ్ లేదన్నది శుద్ధ అబద్ధం. బ్రిటన్‌లో చాలా టీముల్లో ఏడాదో, అంతకు మించో నేర్చుకుంటేగానీ పూర్తి సభ్యత్వం ఇవ్వరు. తాళ్ల పని, ప్రథమ చికిత్స, స్ట్రెచర్ మోయడం అన్నీ నేర్పిస్తారు. వాళ్లంతట వాళ్లు పరిగెత్తరు కూడా. ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో సాధారణంగా పోలీసులో, అంబులెన్స్ వాళ్లో పిలిస్తేనే కదులుతారు.

ఒక మాట ఒప్పుకుంటాను. టీవీలో చూసి, ఏ టీముతోనూ సంబంధం లేకుండా, చేతికి దొరికిన తాడు పట్టుకుని వచ్చేవాళ్లు నిజంగా అడ్డమే. ఆ తప్పు తెచ్చి వీళ్ల నెత్తిన వేయడం అన్యాయం.

బ్రిటన్‌లో వీళ్లకు జీతం లేదు. కాపాడినందుకు పైసా తీసుకోరు. బండ్లు, తాళ్లు చాలావరకు విరాళాలతో కొన్నవే. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి బూట్లు కట్టుకుని వెళతారు, తిరిగొచ్చాక పొద్దున్నే ఉద్యోగానికి పోతారు.