కొండ కన్నా ముందే లేచిన ఫ్లెక్సీ గారికి

మహారాజశ్రీ ఫ్లెక్సీ గారి దివ్య సముఖమునకు, హనుమకొండలో తాడూ హార్నెస్సూ ముట్టిన కొందరం రాసుకుంటున్న మనవి. ఉభయకుశలోపరి.

అదాలత్ దగ్గర కరెంటు స్తంభానికీ వేపచెట్టుకూ మధ్య తమరు పన్నెండడుగుల పొడవున వెలిశారు. కళ్లారా చూశాం. పైవరసలో గుండ్రటి చట్రాల్లో పెద్దలు, ఎడమ పక్కన దండం పెడుతున్న మన అన్న, వెనక మంచుకొండ. ఆ కొండ ఎవరెస్టు, అన్న ఎక్కబోయేది లద్దాఖ్‌లోని నన్. దానికేం లెండి, ప్రింటింగ్ షాపు కంప్యూటర్లో కొండ అంటే ఒకటే ఉంటది. గొడవంతా కింది ఎర్రక్షరాలతోనే: "ఆగస్టు 15న 7,135 మీటర్ల నన్ శిఖరంపై మువ్వన్నెల జెండా ఎగరేయనున్న ఓరుగల్లు ముద్దుబిడ్డకు శుభాకాంక్షలు." ముహూర్తం తమరే పెట్టేశారు. కొండను ఒక్కమాట అడిగారా?

తమరి మీద తేదీ పడ్డాక ప్లానంతా వెనక నుంచి నడుస్తుంది. 15న శిఖరం, కాబట్టి 14న మూడో క్యాంపు, 13న రెండోది, 12న మొదటిది. అట్లా వెనక్కి లెక్కేసుకుంటూ పోయి, 4న కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలని తేలుస్తారు. అంటే సముద్రమట్టానికి మూడొందల మీటర్లు కూడా లేని ఊరి మనిషి పదకొండు రోజుల్లో ఏడువేలు దాటాలి.

శరీరానికి ఫ్లెక్సీ చదవడం రాదు. మూడువేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఉన్నచోటే ఇంకో రాత్రి ఆగాలి. ఢిల్లీ నుంచి విమానంలో లేహ్‌లో దిగితే గంటన్నరలో 3,500 మీటర్లు. అక్కడ కనీసం రెండు రాత్రులు ఊరికే పడుకోవాలి. మనలాంటి పల్లపు ఊళ్ల వాళ్లకు శ్రీనగర్ దారే మేలు: 1,600 మీటర్ల దగ్గర పడుకొని, జోజిలా కనుమ దాటి, 2,700 మీటర్ల కార్గిల్‌కు దిగడం. కానీ లేహ్‌లో దిగిన ఫొటో తమరి పక్కన ఇంకో ఫ్లెక్సీకి పనికొస్తది, కాదనం.

కార్గిల్ నుంచి సురు లోయలోని తంగోల్, అక్కడి నుంచి నడక. బేస్ క్యాంపు సుమారు 4,600 మీటర్లు, మొదటి క్యాంపు 5,400, రెండోది 6,100 దగ్గర. ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకు ఎక్కుతూ పోవడం కాదు పద్ధతి. మొదటి క్యాంపుకు సామాను మోసి, అక్కడ పడేసి, కిందికొచ్చి పడుకోవాలి. ఒకరోజు ఆగి, మళ్లీ ఎక్కి ఆ రాత్రి అక్కడ ఉండాలి. రెండో క్యాంపును తాకి బేస్ క్యాంపుకు దిగాలి. ఒళ్లు కుదుటపడ్డాకే చివరి ఎక్కుడు. ఢిల్లీ నుంచి ఢిల్లీకి లెక్కేస్తే మూడు వారాలు దాటుతుంది. అది కాక ఇంకో మూడు నాలుగు రోజులు ఏ పనీ పెట్టకుండా వాతావరణానికి వదిలేయాలి, ఎందుకంటే కొత్త మంచు పడితే అది సర్దుకునే దాకా ఆ వాలు మీద కాలు పెట్టకూడదు. చందాలిచ్చిన పెద్దమనుషులకు మింగుడుపడనివి ఈ రోజులే. "గుడారంల కూసునేటందుకు కూడా పైసలియ్యాల్నా?" అంటారు. ఇయ్యాలె కాకా, ఎక్కేటందుకు ఇచ్చే పైసల కన్నా అవే ముఖ్యం.

తమరి తేదీని అందుకోవడానికి ఆ రోజుల్నే కోస్తారు. తర్వాత ఏమైతదంటే, తలనొప్పిని అలసట అంటారు, రాత్రి దగ్గును చలి అంటారు. డయామాక్స్ అనే మాత్ర 125 మిల్లీగ్రాములది పొద్దునొకటి, సాయంత్రమొకటి వేసుకుంటే ఎత్తుకు అలవాటు పడటం కొంత త్వరగా అవుతుంది. అంతేగానీ కోసేసిన రోజుల్ని అది తిరిగివ్వదు, సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, గీత మీద అడుగు ముందు అడుగేసి నడవలేకపోతున్నా రాత్రని చూడకుండా దించాలి. మెదడు వాపుకిచ్చే డెక్సామెథసోన్, ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఇచ్చే నిఫెడిపిన్ అంతదాకా ప్రాణం నిలబెట్టడానికే. దిగడమే అసలు మందు.

ఇక గైడ్ల సంగతి. తమరి మీద ఎమ్మెల్యే ఫొటో ఉంది, గైడు ఫొటో లేదు. ప్యాకేజీ పాంప్లెట్లో మాత్రం గైడ్ల లెక్క ఉంది: ఎక్కేవాళ్లు ఎనిమిది మంది, గైడ్లు ఇద్దరు. రెండో క్యాంపు పైన ఒకరికి కళ్లు తిరిగాయనుకోండి, ఒంటరిగా దింపరు కదా, ఒక గైడు ఆయనతో పోతాడు. మిగిలింది ఏడుగురికి ఒకడు. ఇంకొకరికి బాగోలేకపోతే అందరూ దిగాలి, లేదా ఆరుగురిని గైడు లేకుండా మంచులో వదలాలి. ఈ ఎత్తుకు ఇద్దరికొక గైడు ఉండాలి, అంటే నలుగురు. ప్యాకేజీ ధర చౌకగా కనిపిస్తే ముందు ఇదే అడగాలి.

రెండోది గ్యాస్ అడగాలి. పైన నీళ్లుండవు, మంచు కరిగించుకోవాలి. మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్ల నీళ్లు, దానికీ వంటకూ కలిపి 150 గ్రాముల గ్యాస్. పన్నెండు మంది, బేస్ క్యాంపు పైన ఆరు రాత్రులు: 10,800 గ్రాములు. 230 గ్రాముల డబ్బాలైతే 47, రిజర్వు కలిపితే 60 దగ్గర. వాటిని విమానంలో పోనియ్యరు, లద్దాఖ్‌లోనే ముందుగా చెప్పి పెట్టుకోవాలి. అందులో ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన రకమే కావాలి. ఉత్త బ్యూటేన్ గట్టి చలిలో సరిగా ఆవిరి కాదు, అగ్గిపెట్టె అయిపోతది గానీ స్టవ్ అంటుకోదు. ఆరువేల మీటర్ల దగ్గర నీళ్లు 80 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి మామూలు గిన్నెలో బియ్యం ఉడకవు. అటుకులు, కారప్పొడి మోసుకుపోయినోడు బతికిపోతాడు. సకినాలు కావాలంటే తీసుకుపొండి, పొడి చేసుకొని తినాలి.

పూర్ణ సంగతి తమరికి తెలిసే ఉంటది. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. ముందు భువనగిరి గుట్ట, తర్వాత డార్జిలింగ్, తర్వాత లద్దాఖ్ చలి. ఆ వరసలో తమరు ఎక్కడా కనబడరు. మనకు పద్మాక్షి గుట్ట మెట్లున్నాయి, రేగొండ వైపు పాండవుల గుట్టలున్నాయి. అన్న అక్కడ రెండు జతల గ్లౌజులు తొడుక్కొని ఒక్క పని నేర్చుకుంటే చాలు: తాడు కట్టిన యాంకర్ (కొండకు దిగ్గొట్టిన మేకు) దగ్గరికొచ్చాక ముందు సేఫ్టీ క్యారబినర్ (హార్నెస్‌కు కట్టిన కొక్కెం) తీసి యాంకర్‌కు అవతలి తాడుకు వేయాలి, గేటు స్క్రూ బిగించాలి, ఆ తర్వాతే జుమార్ (తాడును పట్టుకొని పైకి మాత్రమే జారే బిగింపు) తీయాలి. రెంటిలో ఒక్కటి కూడా తాడు మీద లేని క్షణం ఉండకూడదు. చేతులు మొద్దుబారి, అర్ధరాత్రి, వెనక నలుగురు తొందర పెడుతుంటే కూడా ఆ వరస తప్పకూడదు. ఉత్తచేతులతో ఇది నిమిషం పని. గ్లౌజులతో చేస్తే తెలుస్తది.

శిఖరం రోజు సంగతి. రాత్రి ఒంటిగంటకు బయలుదేరి, పగలు పన్నెండుకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి తిరగాలి. మధ్యాహ్నానికి మబ్బు కమ్ముతది, మంచు మెత్తబడి క్రాంపాన్ల (బూట్లకు కట్టే ఇనుప ముళ్లు) కింద ముద్ద కడతది. ఈ టైమూ, వెనక్కి తిప్పే అధికారం గైడుదేనన్న మాటా ముందే కాగితం మీద సంతకంతో ఉండాలి. అప్పుడు "అన్నా, ఇయ్యాల పదిహేను తారీఖే, ఇంకో గంట" అనే గొంతు ఎవరిది? తమరిదే.

ఎక్కాక మళ్లీ తమరి పిల్లలు తొమ్మిది మంది సంచిలోంచి దిగుతారు, చందా ఇచ్చిన ఒక్కొక్కరికీ ఒక్కో చిన్న బ్యానర్. మైనస్ 20లో, గంటకు 40 కిలోమీటర్ల గాలిలో, ఒంటికి తగిలే చలి మైనస్ 34. ఉత్త చర్మం పది నుంచి ముప్పై నిమిషాల్లో గడ్డకట్టడం మొదలవుతుంది. మడత విప్పడానికి గ్లౌజులు తీసేది ఆ తొమ్మిది మంది కోసమే. పైగా తమరి జాతి ఆ చలికి అట్టలా బిగుసుకుపోయి గాలికి తెరచాపలా లాగుతది. జెండా ఒక్కటి, పలుచటి గుడ్డది, అడుగున్నర పొడవుది, ముందే కుట్టిన ఉచ్చులతో ఐస్ యాక్స్‌కు తగిలించేట్టు పెట్టుకుంటే గ్లౌజు తీసే పనే లేదు. చందాదారుల పేర్లు బేస్ క్యాంపులో నిలబెట్టి ఫొటో తీస్తాం, వాళ్లకు తేడా తెలియదు.

తమరికి మాత్రం ఒక ఉద్యోగం చూశాం. బేస్ క్యాంపు వంట గుడారానికి కింద పరిచే షీటు లేదు. పన్నెండడుగులకు ఎనిమిదడుగులు, అంచులకు ఐలెట్లు, నీళ్లు కారనివ్వని ఒళ్లు, తమరు అచ్చంగా సరిపోతారు. తేదీ ఉన్న వైపు కిందికి. కట్టెల చట్రం వేపచెట్టు దగ్గరే వదిలేసి రండి. పోనూ రానూ పోర్టర్ లెక్కలో తమరి పేరిట మూడు కిలోలు రాసుకున్నాం.