ఉగాది వేదిక మీద ఒక ఫిడేలు

మా అమ్మాయి బడిలో నేర్చుకొచ్చిన అడుగులు వంటింట్లో వేస్తుంటే "ఏంటమ్మా ఆ గెంతులు?" అన్నాను. రెడ్ రివర్ జిగ్ అంది. కెనడాలోని ఈ విన్నిపెగ్‌లో ఇన్నేళ్లుగా రోజూ ఆ రెడ్ రివర్ నది దాటే పనికెళ్తున్నాను. ఆ నాట్యం పేరు వినడం మాత్రం అదే మొదలు.

జిగ్, రీల్ అన్నవి రెండు వేర్వేరు నాట్యాల దరువులు. ఇది పేరుకు జిగ్ అయినా నడక రీల్‌దే. ఇది మేటీలది. జంతువుల బొచ్చుతోళ్ల వ్యాపారానికొచ్చిన ఫ్రెంచి, స్కాట్లాండ్ మగవాళ్లకీ ఇక్కడి ఆదివాసీ ఆడవాళ్లకీ పుట్టిన జాతి వాళ్లది. ఫిడేలు పైస్థాయిలో పలికినంతసేపూ మామూలు అడుగు. కిందికి దిగిందా, కొత్త అడుగు చూపించాలి. మళ్లీ దిగితే ఇంకొకటి. ఒళ్లు నిటారుగానే ఉంటుంది, పనంతా పాదాలదే. వాయించేవాళ్లు కూర్చుని, రెండు పాదాలతో నేల మీద దరువేస్తూ వాయిస్తారు. ఆ కింది భాగాన్ని ఒక్కొక్కరు ఒక్కో పొడవున సాగదీస్తారు కాబట్టి మన తాళంలో ఆవర్తనంలా లెక్కపెట్టుకుని ఆడలేం. ఫిడేలు వింటూనే ఆడాలి.

నన్ను కట్టిపడేసింది శ్రుతి. పాతకాలపు మేటీ ఫిడ్లర్లు కొందరు నాలుగు తీగలను పాశ్చాత్య స్వరాల పేర్లలో ఏ-ఈ-ఏ-ఈ (A-E-A-E) అని బిగించుకునేవారు. మన కర్ణాటక సంగీత విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ తీగలు స-ప-స-ప. తీగల మధ్య దూరం అచ్చంగా అదే!

1869-70లో తమ నాయకుడు లూయీ రియేల్ వెంట ఈ మేటీ జనం నిలబడబట్టే మన మానిటోబా రాష్ట్రం ఏర్పడింది. వాళ్ల పిల్లలకని చట్టంలో రాసిన 14 లక్షల ఎకరాల మాటను ప్రభుత్వం సక్రమంగా నిలబెట్టుకోలేదని 2013లో కెనడా సుప్రీంకోర్టే తేల్చింది. మనం ఇళ్లు కొనుక్కుంటున్నది ఆ గడ్డ మీదే.

అందుకే వచ్చే ఉగాదికి మన తెలుగు సంఘం వేదిక మీదికి ఒక మేటీ ఫిడ్లర్‌నీ ఆడేవాళ్లనీ పిలుద్దామంటున్నాను. సన్మానంతో, తగిన పారితోషికంతో పిలవాలి. రెండు సినిమా పాటల మధ్య ఐదు నిమిషాలు ఇరికించడానికైతే వద్దు. పెన్‌డ్రైవ్‌లో పాట అసలే వద్దు. డప్పు వాయించేవాడు లేకుండా చిందు ఎక్కడైనా చూశామా? మన పిల్లలు కూడా ఆడొచ్చా అన్నది వచ్చినవాళ్లనే అడుగుదాం. వాళ్లు నడుముకు కట్టుకునే రంగుల పట్టీని మాత్రం మనంతట మనం కొనితెచ్చి పిల్లలకు కట్టొద్దు.

కార్యవర్గం వచ్చే సమావేశంలో దీన్ని చర్చకు పెట్టాలని కోరుతున్నాను. ఖర్చులో నా వంతు ముందే ఇస్తాను.