మాక్యులా జబ్బుకు లేజర్: ఏ రకానికి, ఏం ఆశించి?

చెన్నైలోని పెద్ద కంటి ఆసుపత్రుల్లో తెలుగు బాగా వినిపిస్తుంది. నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి నుంచి పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చే కుటుంబాలు చాలా. వయసు వల్ల మాక్యులా దెబ్బతిందని చెప్పగానే వాళ్లడిగే మొదటి ప్రశ్న: "లేజర్ చేస్తే చూపు వస్తుందా డాక్టరు గారూ?"

ఆ ఆశ ఊరికే పుట్టలేదు. ఇంట్లో ఒకరికి లాసిక్‌తో కళ్లజోడు పోయి ఉంటుంది. ఇంకొకరికి శుక్లం ఆపరేషన్ తర్వాత కమ్మిన పొరను లేజర్‌తో తీసి ఉంటారు. అయితే అవి కార్నియా దగ్గరో, లెన్సు దగ్గరో జరిగే పనులు. మాక్యులా కంటి వెనక పొర అయిన రెటీనా నడిమధ్యన ఉంటుంది. అక్షరాలు చదివేది, ముఖాలు గుర్తుపట్టేది అక్కడి కణాలతోనే. అవి చనిపోతే ఏ లేజరూ తిరిగి పుట్టించలేదు.

ఈ జబ్బులో రెండు రకాలు: వెట్, డ్రై. వెట్ రకంలో రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారుతుంటాయి. 1980లలో వాటిని వేడి లేజర్‌తో కాల్చేవారు. కాల్చినచోట మచ్చ పడి, ఆ మేరకు చూపు అప్పుడే పోయేది. ఇంకా పోకుండా ఆపడమే దాని లక్ష్యం. 2000లో వెర్టిపోర్ఫిన్ మందును నరంలోకి ఎక్కించి, వేడి పుట్టని లేజర్ వేసే పద్ధతికి అమెరికాలో అనుమతి వచ్చింది. నష్టం తగ్గింది కానీ చూపు పెరిగినవాళ్లు తక్కువే. 2006లో అనుమతి పొందిన, కంట్లోకి ఇచ్చే రానిబిజుమాబ్ ఇంజెక్షన్‌తోనే లెక్క మారింది. ఒక ప్రధాన ట్రయల్‌లో ఏడాది తిరిగేసరికి సుమారు మూడోవంతు మంది చార్టులో మూడు వరుసలో, ఇంకా ఎక్కువో అదనంగా చదివారు. చాలా చవకైన బెవాసిజుమాబ్ కూడా దాదాపు అంతే పనిచేస్తుందని 2011లో తేలింది. సామాన్య కుటుంబాలకు ఇంతకంటే మంచి వార్త ఈ జబ్బులో నాకు కనిపించలేదు.

ఎక్కువమందికి ఉండేది ఇలా రక్తనాళాలు కారని డ్రై రకం. మాక్యులాలో పేరుకున్న పసుపు మచ్చలను (డ్రూసెన్) తేలికపాటి లేజర్‌తో కరిగిస్తే జబ్బు ముదరదేమోనని వెయ్యిమందికి పైగా పరీక్షించారు. 2006లో వచ్చిన ఫలితం: ఐదేళ్ల తర్వాత లేజర్ చేసిన కన్నూ, చేయని కన్నూ ఒకేలా ఉన్నాయి. అతి తక్కువ సేపు వెలిగే నానోసెకండ్ లేజర్ ట్రయల్ కూడా 2018లో మొత్తం మీద ప్రయోజనం చూపలేకపోయింది. 2024 నవంబరులో అమెరికాలో అనుమతి పొందిన వాలెడా పరికరం లేజర్ కాదు, ఎల్ఈడీ కాంతి. దానితో చూపు సగటున చార్టులో సుమారు ఒక వరుస మేర పెరిగింది.

అందుకే నేను గట్టిగా అడిగేది ఒకటే. "చూపు మెరుగుపడుతుంది" అని లేజర్ ప్యాకేజీ చెప్పేవాళ్లు అది డ్రై రకానికా, వెట్ రకానికా, ఏ ట్రయల్‌లో ఎన్ని అక్షరాలు పెరిగాయో రోగికి తెలిసిన భాషలో చెప్పాలి. చెన్నైలో తెలుగు రోగులు ఇంతమంది ఉన్నప్పుడు ఆ వివరం తెలుగులో రాసి ఇవ్వడం ఆసుపత్రులకు భారం కాదు.

అంతకంటే నన్ను బాధపెట్టేది మధ్యలో ఆగిపోయే వైద్యం. వెట్ రకానికి ఇంజెక్షన్లు మొదట నెలనెలా, తర్వాత ఎడం పెంచుతూ ఏళ్ల తరబడి వేయాల్సి రావచ్చు. రెండు మూడింటితో కాస్త కనపడగానే, పిల్లల సెలవులు, రైలు ప్రయాణం చూసుకుని మానేస్తారు. మళ్లీ కారితే పోయిన చూపు పూర్తిగా రాకపోవచ్చు. మొదటి రోజే రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్ కాపీ, మందు వివరాలు తీసుకుని, తర్వాతి ఇంజెక్షన్లు సొంత ఊరికి దగ్గరలోని రెటీనా డాక్టరు దగ్గర వేయించుకునే వీలుందేమో అడగండి. రెండో కన్నును కూడా విడిగా చూపించండి. రెండు కళ్లూ తెరిచి చూస్తే, బాగున్న కన్ను చెడుతున్న కన్నును కప్పేస్తుంది.