2.4 శవాల సమన్యాయం

లోకంలో అన్యాయాలు చాలానే ఉన్నాయి. వాటి సంగతి చూసుకోవడానికి పెద్దలున్నారు. ఎవరికీ పట్టని ఒక అన్యాయం గురించి మాత్రం నేను రాయక తప్పడం లేదు. హంతకులకు జరుగుతున్న అన్యాయం.

కంగారు పడకండి, ఆటలో హంతకుల గురించే. 2016లో వచ్చిన 'డెడ్ బై డేలైట్' అనే హారర్ గేమ్‌లో ఒకడు కిల్లర్, నలుగురు సర్వైవర్లు. ఆ నలుగురూ ఐదు జనరేటర్లు బాగుచేసి, గేటు తెరుచుకుని పారిపోవాలి. కిల్లర్ వాళ్లను కొట్టి, భుజాన వేసుకుని, కొక్కేనికి తగిలించాలి. మూడోసారి తగిలిస్తే మనిషి పోయినట్టే. ఇలాంటి ఆటల్ని అసిమెట్రికల్ అంటారు. అంటే రెండు పక్షాలూ ఒకటి కావని పేరులోనే చెప్పేశారు. అయినా అది వచ్చినప్పటి నుంచి జనం అడుగుతున్నది ఒక్కటే: రెండు పక్షాలనూ సమానం చేయండి మహాప్రభో అని.

కిల్లర్ పరిస్థితి ఒకసారి చూడండి. మామూలు కిల్లర్ సెకనుకు 4.6 మీటర్లు వెళతాడు, సర్వైవర్ 4 మీటర్లు. తేడా గంటకు 2 కిలోమీటర్ల పైచిలుకు. ముఖానికి మాస్కు, చేతిలో కత్తి, వెనక ఓ భయంకరమైన పూర్వకథ. ఇన్ని ఉండి కూడా ఆ మహానుభావుడికి అదనంగా దక్కింది ముసలాయన షికారు వేగం. 12 మీటర్ల ముందున్నవాడిని అందుకోవాలంటే తిన్నటి దారిలో 20 సెకన్లు పడుతుంది. దారేమో తిన్నగా ఉండదు. వాడు కిటికీ దూకుతాడు, దారిలో నిలబెట్టి ఉన్న చెక్క ప్యాలెట్‌ను లాగి నెత్తిన పడేస్తాడు. ఎలాగో అందుకుని ఒక దెబ్బ వేస్తే, దెబ్బ తిన్నవాడు ఇంకా జోరుగా ఉరుకుతాడు. కొట్టినవాడు మాత్రం రెండు మూడు సెకన్లు నిలబడి కత్తి తుడుచుకోవాలి. అవతల పని మునిగిపోతున్నా ఇంత శుభ్రత పాటించే ఉద్యోగిని నేనింతవరకు చూడలేదు.

ఈలోగా మిగతా ముగ్గురూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోరు. ఒక మనిషి ఒక జనరేటర్ బాగుచేయడానికి 90 సెకన్లు. ఒకడి వెంట నిమిషంన్నర తిరిగారంటే మూడు జనరేటర్లు వెలిగిపోయినట్టే. 2022 దాకా 80 సెకన్లే ఉండేది. ఆ పది సెకన్లు ఏ మూలకు సరిపోతాయి చెప్పండి?

ఇది రాత్రిపూట నా అభిప్రాయం. మధ్యాహ్నం నేను సర్వైవర్‌గా ఆడతాను, అప్పుడు నా అభిప్రాయాలు వేరు.

మధ్యాహ్నం అదే 90 సెకన్లు ఒక యుగం. జనరేటర్ ముందు మోకాళ్ల మీద కూర్చుని వైర్లు కెలుకుతుంటే గుండె చప్పుడు మొదలవుతుంది. డబ్... డబ్... కిల్లర్ దగ్గరికొస్తున్నాడని ఆట ఇచ్చే హెచ్చరిక అది. సరిగ్గా అప్పుడే తెర మీద గుండ్రటి గడియారం లాంటిది ప్రత్యక్షమవుతుంది. ముల్లు గీత దగ్గరికి రాగానే బటన్ నొక్కాలి. నేను ముందే నొక్కుతాను. జనరేటర్ ఢామ్మని పేలి, ఫలానా చోట ఫలానా అమాయకుడు ఉన్నాడని చాటింపు వేస్తుంది. ఆ తర్వాత రెండు నిమిషాలు కొక్కేనికి వేలాడుతూ, సెకనుకు 4.6 మీటర్లు అనే దుర్మార్గపు వేగాన్ని ఎవరు ఆమోదించారా అని ఆలోచిస్తూ ఉంటాను.

నాలాంటివాళ్ల మధ్య తీర్పు చెప్పాల్సిన డెవలపర్లు సమన్యాయానికి ఒక అంకె కట్టారు. కిల్లర్ సగటున 60 శాతం మందిని చంపితే ఆట సవ్యంగా ఉన్నట్టు అట. నలుగురిలో 60 శాతం అంటే 2.4 మంది. ఇద్దరు పూర్తిగా చావాలి, మూడోవాడు కొంచెం చావాలి. సగటు అంటే అలాగే ఉంటుందని లెక్కలు తెలిసినవాళ్లు సర్దిచెబుతారు. ఆ 0.4 మనిషి నేనే అయినప్పుడు ఆ సర్దుబాటు నాకు రుచించలేదు.

పైగా ఎవరి సగటు? వాయిస్‌లో "రేయ్, నా వెనకే ఉన్నాడు, మీరు జనరేటర్ వదలకండి" అని కబుర్లు చెప్పుకుంటూ ఆడే నలుగురు స్నేహితులు ఒక రకం. ఒకరికొకరు మొహం తెలియని నలుగురు, అందులో ఒకడు ఆట మొత్తం పొదలో దాక్కునేవాడు, ఇంకో రకం. అంకెలన్నీ అవే, ఆట వేరు. కిల్లర్లలోనూ అంతే. నర్స్ అనే ఆవిడ నడక సర్వైవర్ పరుగు కంటే నిదానం. కానీ గోడలను దాటి మాయమై మనిషి ముందు ప్రత్యక్షమవుతుంది. చేయి తిరిగినవాడు ఆడితే సాక్షాత్తు యమదూత. నేను ఆడితే మాత్రం తప్పిపోయిన చుట్టంలా గోడలు వెతుక్కుంటూ తిరుగుతుంది. ఆవిడను బలహీనం చేయాలా, నన్ను బలవంతుణ్ని చేయాలా? ఇది కప్పల తక్కెడ వ్యవహారం. ఒక ప్యాచ్‌తో, అంటే ఆటకు చేసే సవరణతో, ఈ పళ్లెంలో కప్పను కూర్చోబెడితే ఆ పళ్లెంలోది దూకుతుంది.

వేరే దారులూ తొక్కి చూశారు. 2017లో వచ్చిన 'ఫ్రైడే ద థర్టీన్త్' గేమ్‌లో ఏడుగురి మీదికి అదే పేరుగల సినిమాల్లోని మాస్కు హంతకుడు జేసన్‌ను ఒక్కణ్నే వదిలారు, మ్యాప్‌లో ఎక్కడికంటే అక్కడికి మాయమై వెళ్లే శక్తి ఇచ్చి మరీ. అంతటివాడికి సినిమా హక్కుల కోర్టు గొడవ ఎదురైంది. 2018లో కొత్త కంటెంట్ ఆగింది, 2023 ఆఖరుకి అమ్మకాలే ఆగాయి. కత్తికి లొంగనివాడు కాగితానికి లొంగాడు. అదే 2023లో వచ్చిన 'టెక్సస్ చైన్ సా మాసకర్' గేమ్‌లో కిల్లర్ ఒంటరి కాకూడదని ముగ్గుర్ని పెట్టారు, ఎదుట నలుగురు. దాంతో కిల్లర్లు సర్వైవర్ల మీదే కాక తోటి కిల్లర్ల మీద కూడా ఫిర్యాదు చేసుకునే హక్కు సంపాదించారు.

ఇలా లాభం లేదని, మొన్న రాత్రి కిల్లర్‌గా కూర్చుని సమన్యాయాన్ని నేనే అమలు చేశాను. ఇద్దర్ని నియమం ప్రకారం చంపాను. మూడోవాడు అప్పటికే ఒకసారి కొక్కెం ఎక్కి దిగాడు, అంటే 0.33 చావు. తక్కువపడిన 0.07 కింద ఒక దెబ్బ వేసి, పడిపోయినవాణ్ని భుజాన వేసుకుని, తెరిచి ఉన్న గేటు దాకా మోసుకెళ్లి దింపాను. వాడు పాకుతూ బయటపడ్డాడు. నాలుగోవాణ్ని అసలు ముట్టుకోలేదు. లెక్క సరిగ్గా 2.4.

ఆట అయ్యాక చాట్‌లో మెసేజ్‌లు వచ్చాయి. కొక్కెం దగ్గర కాపలా కాశానని మొదటివాడు తిట్టాడు. మొదటి నుంచీ తన వెంటే పడ్డానని రెండోవాడు తిట్టాడు. నీ జాలి ఎవడికి కావాలి అన్నాడు మూడోవాడు.

నాలుగోవాడి మెసేజ్ అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది: "ఆట మొత్తం నా వైపే రాలేదు. ఇదేం హారర్?"