రెండు చెకుముకి రాళ్లు, 24 తూటాలు

కలెక్టరేట్‌లో మెజిస్టీరియల్ సెక్షన్ సూపరింటెండెంట్‌గా రిటైరైనవాణ్ణి. తుపాకీ లైసెన్సుల ఫైళ్లు పదకొండేళ్లు నా బల్ల మీదుగానే నడిచాయి. కాబట్టి అమెరికా వాళ్ల ఆయుధ హక్కు మీద నోట్ పెట్టే అర్హత నాకుందని, మా అబ్బాయి ఒప్పుకోకపోయినా, సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

1959 నాటి చట్టం ప్రకారం మన దగ్గర తుపాకీ హక్కు కాదు, సర్కారు దయ. ఎందుకు కావాలో చెప్పుకోవాలి. ఒక రైస్‌మిల్లు యజమానిని "ఎవరి నుంచండీ ప్రాణభయం?" అంటే "మా తమ్ముడి నుంచి" అన్నాడు. ఫైళ్లు తిరగేస్తే తమ్ముడి దరఖాస్తు అప్పటికే వచ్చి ఉంది. ప్రాణభయం అన్న నుంచి. పోలీసు రిపోర్టు రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఈలోగా వాళ్లమ్మ పోయింది, దినవారాల దగ్గర అన్నదమ్ములు మాట కలిపారు, ఇద్దరూ ఒకే కారులో వచ్చి దరఖాస్తులు వెనక్కి తీసుకున్నారు. మా ఆలస్యాన్ని బద్ధకం అన్నవాళ్లే గానీ, అది శాంతిభద్రతల విధానమని ఒక్కరూ గుర్తించలేదు.

నిరుడు జార్జియాలో అబ్బాయి దగ్గరికి వచ్చాం. అట్లాంటాకు ఉత్తరాన, ఏ పార్కులో చూసినా మనవాళ్లే కనబడే పేట. అమెరికాలో దిగగానే విమానాశ్రయంలో మా ఆవిడ సంచిలోని కరివేపాకు పట్టుబడింది. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని మీద వస్తుందట. ఆఫీసరు చేతికి తొడుగు వేసుకుని, ఒక రెబ్బను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని చూసిన చూపు నేను మరచిపోలేను. దేశానికి పెద్ద గండం తప్పిందన్నట్టు ఊపిరి వదిలాడు. ఇక జార్జియాలో 2014లో వచ్చిన చట్టం ప్రకారం, లైసెన్సున్నవాళ్లు విమానాశ్రయంలో సెక్యూరిటీ గేటు దాకా తుపాకీతో తిరగొచ్చు. 2015లో ఒకాయన పెద్ద రైఫిల్ భుజాన తగిలించుకుని, కూతుర్ని విమానం ఎక్కించడానికి అట్లాంటా విమానాశ్రయానికి వచ్చాడు. అంతా చట్టబద్ధమే. రైఫిల్‌కు పురుగు పట్టదు కదా. 2022 నుంచి బయట తుపాకీ పెట్టుకుని తిరగడానికి ఆ లైసెన్సు కూడా అక్కర్లేదన్నారు.

దగ్గర్లోనే కెనెసా అనే ఊరుంది. అక్కడ ఇంటి పెద్ద ప్రతి ఒక్కరూ తుపాకీ, తూటాలు ఉంచుకుని తీరాలని 1982లో చట్టం చేశారు. మనసొప్పనివాళ్లకు, కొనే స్తోమత లేనివాళ్లకు మినహాయింపు. అయితే ఈ చట్టం కింద కేసులు పెట్టిన దాఖలా లేదట. చట్టం ఉంటుంది, అమలు ఉండదు. అమెరికా వచ్చాక మొదటిసారి సొంతూళ్లో ఉన్నట్టు అనిపించింది.

మా పక్కింటి పెద్దాయన చాలా మంచివాడు. చెత్త బండి వచ్చే రోజు మేం మరచిపోతే మా డబ్బా కూడా ఆయనే రోడ్డు పక్కకు లాగి పెడతాడు. ఆయన దగ్గర పద్నాలుగు తుపాకులున్నాయి. ఎందుకన్ని అని అడిగితే, "ప్రభుత్వం నిరంకుశంగా మారితే ఎదిరించడానికి" అన్నాడు. నాకు కాస్త ఇబ్బంది అనిపించింది. ఎందుకంటే ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వం అంటే నేనే. ఒంటిగంటకు భోజనానికి లేచి మూడింటికి వచ్చేవాణ్ణి. వేపచెట్టు కింద జనం కూర్చునే ఉండేవాళ్లు. వాళ్ల దగ్గర తలా పద్నాలుగు ఉండి ఉంటే నా పెన్షన్ ఫైలు ఫ్యామిలీ పెన్షన్ కింద నడిచేది.

ఆయన నాకు గాంధీగారిని కూడా వినిపించాడు. ఒక జాతినంతా నిరాయుధం చేసిన చట్టమే బ్రిటిష్ పాలన చేసిన చెడ్డ పనుల్లో అతి నల్లనిదని మహాత్ముడు రాసిన మాట నిజమే. 1918లో, బ్రిటిష్ సైన్యంలో చేరండని ఖేడా జిల్లాలో ఊరూరా తిరుగుతూ వేసిన కరపత్రంలో రాశారు. ఆ తిరుగుడు సంగతి ఆయనకు చెప్పలేదు. డబ్బా లాగి పెట్టే మనిషితో వాదన దేనికి?

ఇక అసలు ఫైలు. 1791 డిసెంబరు 15న అమల్లోకి వచ్చిన అమెరికా రాజ్యాంగం రెండో సవరణ, అంటే ఈ ఆయుధ హక్కు, ఇంగ్లిష్‌లో మొత్తం 27 మాటలు. స్వేచ్ఛగల రాజ్యం భద్రతకు క్రమశిక్షణ గల పౌరసేన అవసరం కనుక, ఆయుధాలు ఉంచుకునే, ధరించే ప్రజల హక్కుకు భంగం కలిగించరాదు. అంతే. ఆఫీసు భాషలో చెప్పాలంటే, వరద వచ్చినందున ఇంటికి ఇరవై కిలోల బియ్యం ఇవ్వాలన్న ఉత్తర్వు లాంటిది. వరద తీసిందా లేదా అన్నది రెండు వందల ఏళ్లు నలిగింది. 2008లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు అటు, నలుగురు ఇటు చీలి తేల్చింది: వరద మాట పీఠిక మాత్రమే, బియ్యం మాట అసలు ఉత్తర్వు. మా సెక్షన్‌లో ఇలా నోట్ పెట్టిన గుమస్తాకు మెమో ఇచ్చేవాణ్ణి. అక్కడ అది చరిత్రాత్మక తీర్పు అయింది.

2022లో ఇంకో మెట్టు ఎక్కారు. తుపాకీ మీద ఏ ఆంక్షయినా నిలబడాలంటే, ఈ దేశ చరిత్రలో, సంప్రదాయంలో దానికి పోలిక చూపించాలన్నారు. దాంతో కింది కోర్టుల జడ్జిలు పాత చట్టాల దుమ్ము దులపడం మొదలుపెట్టారు. 2023లో ఒక అప్పీలు కోర్టు, గృహహింస కారణంగా కోర్టు ఆంక్షల్లో ఉన్న మనిషి దగ్గర తుపాకీ ఉండకూడదన్న చట్టాన్ని కొట్టేసింది. ఆ సవరణ వచ్చిన కాలపు చట్టాల్లో దీనికి సరైన పోలిక దొరకలేదట. ఆ రోజుల్లో ఆడవాళ్లకు ఓటే లేదు, పోలిక ఎక్కడ దొరుకుతుంది? మరుసటి ఏడాది సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది, ఎనిమిది మంది ఒకవైపు. తొమ్మిదో ఆయన ఒప్పుకోలేదు. 2022 తీర్పు రాసింది ఆయనే.

నేను చరిత్రకు వ్యతిరేకిని కాను. పైగా చరిత్రను పూర్తిగా పాటించాలనే నా సిఫారసు. 1792 చట్టం ఆ పౌరసేనలో ఎవరుండాలో, ఏం తెచ్చుకోవాలో చెప్పింది: 18 నుంచి 45 ఏళ్ల లోపు తెల్లజాతి మగవాడు, ఒక మస్కెట్ తుపాకీ, దాని మొనకు తగిలించే బాయొనెట్ కత్తి, మందు అంటించే నిప్పురవ్వకు రెండు చెకుముకి రాళ్లు, ఒక మూపు సంచి, 24 తూటాలు. వయసు, రంగు రెండింటి మీదా నా దరఖాస్తు తిరస్కరించడమైనది. ఆ సంగతి పక్కన పెడదాం. హక్కు ఎంత పాతదో తుపాకీ కూడా అంత పాతదై ఉండాలి. కోపం వచ్చినవాడు తూటా కాగితం పొట్లాన్ని పళ్లతో కొరకాలి, చిటికెడు తుపాకీమందు తుపాకీకి పక్కనుండే చిన్న గిన్నెలో పోయాలి, మిగతాది గొట్టంలో ఒంపాలి, గుండు వేయాలి, కడ్డీతో కూరాలి. ఆరితేరిన సిపాయికే నిమిషానికి మూడు. మా మిల్లు యజమానైతే కడ్డీ దాకా రాకముందే కాఫీకి లేచేవాడు.

మొన్న నాకు జలుబు చేసింది. కోడలు మందుల షాపులో సూడోఎఫిడ్రిన్ మాత్రలు అడిగితే కౌంటర్ వెనక నుంచి తీసి, గుర్తింపు కార్డు స్కాన్ చేసి, సంతకం పెట్టించుకున్నారు. రోజుకు 3.6 గ్రాములు దాటకూడదు, ఇంకో షాపుకెళ్లినా కంప్యూటర్ పట్టేస్తుంది. మత్తుమందు వండేస్తారని భయం. తుపాకులు దేశంలో 39 కోట్ల పైచిలుకని ఒక అంచనా, అంటే మనుషుల కంటే ఎక్కువ. వాటికి మాత్రం జాతీయ రిజిస్టరు ఉండకూడదని 1986 చట్టం. నేరంలో దొరికిన తుపాకీ ఎవరు కొన్నదో తేల్చే ఆఫీసు వెస్ట్ వర్జీనియాలో మార్టిన్స్‌బర్గ్‌లో ఉంది. మూతపడిన దుకాణాల పుస్తకాలన్నీ అక్కడికే వస్తాయి. పేరు కొడితే దొరికేలా కంప్యూటర్‌లో పెట్టకూడదు, మనుషులే పేజీ పేజీ చూసుకోవాలి. అట్టపెట్టెలు, దుమ్ము, వంగిన నడుములు. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట మా రికార్డు రూమ్ బతికే ఉందని తెలిసి కళ్లు చెమర్చాయి.

చెడ్డవాడి చేతిలో తుపాకీని ఆపేది మంచివాడి చేతిలో తుపాకీయేనని ఒక సిద్ధాంతం ఉంది. 2022 మే 24న టెక్సస్‌లో యువాల్డీ బడి దగ్గరికి తుపాకులున్న మంచివాళ్లు, అంటే పోలీసులు, 376 మంది వచ్చారు. లోపల చెడ్డవాడు ఒక్కడే. అతన్ని ఆపడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. నోట్‌లో ఇక్కడ ఏం రాయాలో నాకు తోచలేదు.

మొన్న ఆదివారం మా మనవరాలితో దాగుడుమూతలు ఆడాను. ఆరేళ్లది. వంద లెక్కపెట్టి వెతికితే మంచాల కింద లేదు, తెరల వెనక లేదు. "నేను ఓడిపోయాను, వచ్చెయ్యమ్మా" అని అరిచినా గప్‌చుప్. పావుగంటకు నాకు టెన్షన్ మొదలైంది. చివరికి బట్టల అలమారలో, పొడుగు కోట్ల వెనక, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"అంతసేపు పిలిస్తే పలకవేమే?"

"ఎవరు పిలిచినా పలక్కూడదు తాతా, టీచర్ చెప్పింది. స్కూల్లో ప్రాక్టీస్ చేస్తాం." చెప్పులు తొడుక్కుంటూ నా వైపు జాలిగా చూసింది. "నువ్వు దగ్గుతావు తాతా. నువ్వయితే దొరికిపోతావు."