చిలక జోస్యం కాదు, పందెం లెక్క

డల్లాస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో ఉంది. బేస్‌బాల్ మేజర్ లీగ్ జట్టు టెక్సస్ రేంజర్స్‌కు కుర్రాళ్ళను తయారుచేసే డబుల్ ఏ (మైనర్ లీగుల్లో పైనుంచి రెండో మెట్టు) జట్టు రఫ్‌రైడర్స్ ఆడేది ఇక్కడే. తెలుగు కుటుంబాలు ఇంత ఎక్కువగా ఉన్న ఊళ్ళో, రేపటి ఆటగాళ్ళను ఇంత దగ్గరగా చూసే వీలుంటే వాదనలు రాకుండా ఎలా ఉంటాయి? అలా చేతులు మారుతున్న ఫార్వర్డ్ మెసేజ్ ఒకటి ఈ మధ్య నాకూ మూడుసార్లు వచ్చింది. దాని సారాంశం ఇది: "మైనర్ లీగ్ కుర్రాళ్ళకిచ్చే ర్యాంకులన్నీ చిలక జోస్యం. ఎవాన్ కార్టర్ ఏ జాబితాలోనూ లేడు, వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిపించాడు. ప్రోఫార్‌ని నంబర్ వన్ అన్నారు, ఏం చేశాడు? ఎవడు ఎన్ని హోమ్ రన్లు (మన సిక్సర్లాంటివి) కొట్టాడో చూస్తే చాలు. జాబితాలన్నీ టికెట్లు అమ్ముకోడానికే."

వినడానికి బాగానే ఉంది. ఒక్కో మాటా పట్టుకుని చూద్దాం.

"కార్టర్ ఏ జాబితాలోనూ లేడు." సగం నిజం. జట్లు కొత్త కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌ను 2020లో కోవిడ్ వల్ల ఐదు రౌండ్లకు కుదించారు. రెండో రౌండ్‌లో, మొత్తం మీద 50వ పేరుగా రేంజర్స్ టెనెసీలోని ఎలిజబెత్‌టన్ నుంచి ఈ హైస్కూల్ కుర్రాణ్ణి తీసుకున్నప్పుడు టీవీలో వ్యాఖ్యాతలకే చెప్పడానికి ఏమీ దొరకలేదు. బేస్‌బాల్ అమెరికా పత్రిక ఆ ఏడు 500 మంది పేర్లు వేస్తే అందులో ఇతను లేడు. ఇంతవరకూ ఫార్వర్డ్‌ది తప్పు కాదు. కానీ అది డ్రాఫ్ట్ నాటి జాబితా. తర్వాత అతను మైనర్ లీగుల్లో మంచి బంతికీ చెడ్డ బంతికీ తేడా పట్టి, ఊరికే బ్యాట్ ఊపకుండా ఆడటం చూశాక అదే పత్రికలు లెక్క మార్చుకున్నాయి. 2023 సీజన్ మొదలయ్యేనాటికి దేశం మొత్తం మీద మొదటి వంద మందిలో అతనున్నాడు. ఆ సెప్టెంబర్ 8న మేజర్ లీగ్‌లోకి వచ్చాడు. పోస్ట్‌సీజన్‌లో (సీజన్ ముగిశాక టైటిల్ కోసం ఆడే పోటీల్లో) రేంజర్స్ ఆడిన 17 మ్యాచ్‌ల్లోనూ బేస్ చేరాడు, 9 డబుల్స్‌తో (ఒకే దెబ్బకు రెండో బేస్ చేరితే డబుల్) ఒక పోస్ట్‌సీజన్ రికార్డు పెట్టాడు. అంటే ఫార్వర్డ్ ఎగతాళి చేస్తున్న జాబితాలు అతను వరల్డ్ సిరీస్‌కి చేరకముందే తప్పు దిద్దుకున్నాయి. మూడేళ్ళ కిందటి కాగితం చూపించి ఇవాళ్టి కాగితాన్ని చించమంటే ఎలా?

ఇక్కడే ఒక లెక్క. ఒక్కో జట్టు అమెరికాలో మైనర్ లీగ్ ఒప్పందాల మీద ఉంచుకోగలిగేది 165 మందిని. 30 జట్లకు కలిపి సుమారు 5000. టాప్ 100 జాబితాలో వంద పేర్లే. రేపటి స్టార్లలో సగం మంది ఆ వందలోంచి, మిగతా సగం బయటి 4900 మందిలోంచి వచ్చారనుకోండి. "చూశారా, సగం మందిని జాబితా పట్టుకోలేకపోయింది" అని ఫార్వర్డ్ పంపేవాళ్ళు గంతులేస్తారు. కానీ జాబితాలో ఉన్న కుర్రాడికి అవకాశం బయటివాడికంటే దాదాపు 50 రెట్లు ఎక్కువన్నమాట. చిలక ఇంత బాగా కార్డు తీస్తే నేను రోజూ దాని దగ్గరికే వెళ్తాను.

"ప్రోఫార్ నంబర్ వన్." అవును, 2013లో రేంజర్స్ కుర్రాడు జూరిక్సన్ ప్రోఫార్‌ను అందరికంటే పైన పెట్టారు. 19 ఏళ్ళకు మేజర్ లీగ్‌లో తొలిసారి బ్యాటింగ్‌కి దిగిన వెంటనే హోమ్ రన్ కొట్టిన కుర్రాడు మరి. ఆ తర్వాత భుజం గాయంతో 2014, 2015 రెండు సీజన్లూ మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ వయసులో రెండేళ్ళు పోగొట్టుకున్నవాడి సంగతి చెప్పి, అంచనా వేసినవాణ్ణి తిట్టడం అన్యాయం. భుజం ఎప్పుడు జారుతుందో కుర్రాళ్ళను వెతికే ఏ స్కౌటూ చెప్పలేడు. చివరికి 2024లో శాన్ డియేగో తరఫున ఆల్ స్టార్ అయ్యాడు. (మరుసటి ఏడాది నిషిద్ధ మందుల కేసులో 80 మ్యాచ్‌ల నిషేధం పడింది. అదీ ఏ జాబితాకూ అందని విషయమే.) ఒక ప్రోఫార్‌ని చూపిస్తే 2012 జాబితా కూడా చూపించాలి. అందులో మొదటి ముగ్గురు బ్రైస్ హార్పర్, మాట్ మూర్, మైక్ ట్రౌట్. మూర్‌కి మోచేయి పోయింది. మిగతా ఇద్దరూ ఎంత పెద్ద స్టార్లయ్యారో నేను చెప్పక్కర్లేదు.

"హోమ్ రన్లు చూస్తే చాలు." ఇక్కడే నాకు ఎక్కువ చిరాకు. రేంజర్స్ కుర్రాడు జోయీ గాలో 2013లో పంతొమ్మిదేళ్ళకు మైనర్స్‌లో 40 హోమ్ రన్లు కొట్టాడు. వాటిలో 38 రేంజర్స్ కింది మెట్టు జట్టు హికరీకే. మరుసటి ఏడు మర్టల్ బీచ్, ఫ్రిస్కో రెండు జట్లకూ కలిపి 42. అంకెలు మాత్రమే చదివితే ఇతను కొత్త బేబ్ రూత్. ర్యాంకులిచ్చేవాళ్ళు ఇంకో గడి కూడా చదివారు: హికరీలో 165 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో అవుటవడం). స్కౌట్లు ప్రతి నైపుణ్యానికీ 20 నుంచి 80 దాకా మార్కులేస్తారు. 50 అంటే మేజర్ లీగ్ సగటు. గాలో బలానికి 80 వేశారు, బ్యాట్‌కి బంతిని తగిలించే నేర్పుకు మాత్రం చాలా తక్కువ. తర్వాత ఏమైంది? 2017లో 41 హోమ్ రన్లు, బ్యాటింగ్ సగటు 0.209, అంటే ఐదు ప్రయత్నాల్లో దాదాపు ఒక్కసారే హిట్. 2018లో 40 హోమ్ రన్లు, సగటు 0.206, స్ట్రైకౌట్లు 207. బలమూ నిజమైంది, భయమూ నిజమైంది. రెండిటినీ ముందే రాసిపెట్టారు. స్కోర్‌కార్డు ఒక్కటే చదివినవాడికి అందులో సగమే తెలిసేది.

అంకెల్ని వయసుతో, స్థాయితో, మైదానంతో కలిపి చదవాలి. లో ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ మెట్లలో ఒకే 0.290కి ఒకే విలువ ఉండదు. డబుల్ ఏలో 20 ఏళ్ళవాడు కొట్టిందీ 26 ఏళ్ళవాడు కొట్టిందీ ఒకటి కాదు. ఆల్బుకర్కీలాంటి ఎత్తైన ఊళ్ళలో బంతి దూరం పోతుంది. రంజీలో చదును పిచ్ మీద కొట్టిన డబుల్ సెంచరీని మనం మాత్రం కళ్ళకద్దుకుంటామా?

"టికెట్లు అమ్ముకోడానికే." చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. కానీ 2023 జులై గుర్తు చేసుకోండి. పేరున్న పిచర్ (బంతి వేసేవాడు) మాక్స్ షెర్జర్‌ని రేంజర్స్‌కిచ్చి న్యూయార్క్ మెట్స్ తీసుకున్నది ఒకే ఒక్క కుర్రాణ్ణి: అప్పుడు ఫ్రిస్కోలో ఆడుతున్న లూయిసాంహెల్ అకూన్యా. అతని కోసం మెట్స్ షెర్జర్ జీతంలో సుమారు 3.5 కోట్ల డాలర్లు తామే కట్టడానికి ఒప్పుకుంది. ర్యాంకులు ఉత్త ప్రచారమే అయితే ఏ జట్టూ ఒక డబుల్ ఏ కుర్రాడి కోసం ఇంత సొమ్ము వదులుకోదు.

ఫార్వర్డ్‌కి ఒక చోట మాత్రం నేను చేతులెత్తేస్తాను. ఎంచుకున్న ఉదాహరణలు తప్పు కానీ, పిచర్ల విషయంలో జాబితాలకు నిజంగానే చూపు తక్కువ. ఇప్పుడు రేంజర్స్‌లో ఉన్న జేకబ్ డిగ్రామ్‌ను మెట్స్ 2010లో తొమ్మిదో రౌండ్‌లో తీసుకుంది. బేస్‌బాల్ అమెరికా టాప్ 100లో అతని పేరు ఒక్కసారీ రాలేదు. 2012లో పిచర్ రయన్ డెంప్‌స్టర్ కోసం రేంజర్స్ షికాగో కబ్స్‌కు ఇద్దరు కుర్రాళ్ళనిచ్చింది. అందరూ మాట్లాడుకున్నది క్రిస్టియన్ విల్లాన్వెవా గురించి. రెండోవాడు ఎనిమిదో రౌండ్ పిచర్, బంతిలో వేగం లేదు. వేగం లేనివాడికి మార్కులు పడవు కదా. ఆ రెండోవాడి పేరు కైల్ హెండ్రిక్స్. 2016లో 2.13తో మేజర్ లీగ్‌లోనే అత్యుత్తమ ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ సగటున ఇచ్చే పరుగులు, తక్కువైతే మేలు) అతనిదే, వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో కబ్స్ తరఫున మొదటి బంతి వేసిందీ అతనే.