మా మామ దాకా రాని మైకు

మొన్న రాత్రి అన్నం తింటూ టీవీ పెడితే ఒక చానల్‌లో నలుగురు కూర్చొని అరుచుకుంటున్నారు. విషయం కృష్ణా నీళ్లు. నల్గొండోడిని కదా, ఆగి చూశాను. పావుగంట సేపు ఎవరి హయాంలో ఎవడు ఎంత తిన్నాడు అనే మాట తప్ప నీళ్లు ఎక్కడ ఆగాయి, ఎందుకు ఆగాయి అని ఒక్కరూ మాట్లాడలేదు. అడగాల్సిన యాంకర్ అడగలేదు సరే, ఒక పార్టీ ఆయన నోరు తెరిస్తే మధ్యలో దూరి ఆపేస్తున్నాడు, ఇంకో పార్టీ ఆయనకు మాట తట్టకపోతే తనే అందిస్తున్నాడు. టీవీ కట్టేశాను కానీ కోపం తగ్గలేదు. ఎందుకంటే నాకు ఇది టీవీలో చూసిన కోపం మాత్రమే కాదు.

2022లో మునుగోడు ఉప ఎన్నిక గుర్తుంది కదా. నవంబర్ 3న పోలింగ్. అంతకుముందు నెల రోజులు ఆ నియోజకవర్గంలో ఏ సెంటర్‌లో నిలబడ్డా నాలుగు కెమెరాలు కనిపించేవి. మా మేనమామది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. చిన్నప్పటి నుంచి బోరు నీళ్లు తాగిన మనిషి. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు అంటారు, మా దిక్కు చాలా బోర్లలో అంతకంటే ఎంతో ఎక్కువ ఉండేది. మామ నడుము వంగిపోయింది, మెడ పక్కకు తిప్పలేడు, మనిషిని చూడాలంటే మొత్తం ఒళ్లు తిప్పాలి. ఒక చానల్ వాళ్లు చండూరులో "ప్రజలతో లైవ్ డిబేట్" పెడుతున్నారంటే, నన్ను తీసుకపో బిడ్డా అన్నాడు. తీసుకపోయాను. పొద్దున పదింటికి పోతే ఒంటి గంట దాకా నిలబడ్డాడు.

మైకు మా వరుస దాకా వచ్చింది. యాంకర్ అడిగిన మొదటి ప్రశ్న, "పెద్దాయనా, ఏ పార్టీకి ఓటేస్తున్నవ్?" మామ అది వదిలేసి తను అనుకొని వచ్చింది మొదలుపెట్టాడు. "అయ్యా, ఇప్పుడు నల్లా నీళ్లొస్తున్నయ్, మంచిదే. ఈ నీళ్లు రాకముందు వంగిన ఒళ్లకు..." అనేలోపే మైకు పక్క మనిషి దగ్గరికి పోయింది. ఆ పక్క మనిషి కండువా వేసుకున్నోడు. ఐదు నిమిషాలు మాట్లాడాడు. సాయంత్రం యూట్యూబ్‌లో చూస్తే మామ అన్న "నీళ్లొస్తున్నయ్, మంచిదే" అనే ముక్క ఒక్కటి కోసి, ఒక పార్టీకి మద్దతు అన్నట్టు పెట్టారు. ఊళ్లో ఇంకో పార్టీ వాళ్లు వచ్చి, ఏమే, ఎంతకు అమ్ముడుపోయినవ్ అని అడిగారు. ఫ్లోరోసిస్‌తో డెబ్బై ఏళ్లు గోస పడ్డ మనిషిని!

యాంకర్‌కు ఒక పార్టీ మీద అభిమానం ఉండటం తప్పు అని నేను అనడం లేదు. నాకూ ఉంది, నా ఫ్రెండ్స్ అందరికీ తెలుసు. మా ఊళ్లలో పంచాయితీ చూసినవాళ్లకు నా బాధ అర్థమవుతుంది. గట్టు తగాదా వస్తే పెద్దమనుషులు కూర్చుంటారు, ముందు రెండు పక్కలా పైసలు డిపాజిట్ పెట్టిస్తారు, ఒకరు చెప్తుంటే ఇంకొకరు మధ్యలో మాట్లాడొద్దు. పెద్దమనిషికి ఒక పక్క చుట్టరికం ఉంటే అది ఊరందరికీ తెలుసు, ఆయనే ముందు "వీడు నా బామ్మర్ది, గది మీకెర్కే" అని చెప్పి కూర్చుంటాడు. చుట్టరికం దాచి ఒక దిక్కు చెప్పినోడిని ఇంకోసారి ఎవరూ పిలవరు. ఈ పంచాయితీలు గొప్పవని కాదు, కులం బలం, పైసల బలం అక్కడ ఎట్లా నడుస్తాయో నేను కళ్లారా చూశాను. కానీ ఆ ఒక్క మర్యాదైనా ఉంది. స్టూడియోలో అది కూడా లేదు. ఏ చానల్ ఏ పార్టీదో మా దగ్గర బడి పిల్లలు కూడా చెప్తారు, యాంకర్ మాత్రం "మేము ప్రజల పక్షం" అనే చెప్తాడు.

మా బావ డల్లాస్‌లో ఉంటాడు. ఆఫీసుకు కారులో పోతూ వస్తూ రేడియోలో రాజకీయాలే వింటాడు, ఫోన్ చేస్తే అవే ముచ్చట్లు. ఆయన వల్ల నేనూ చదవడం మొదలుపెట్టాను. అక్కడ 1949 నుంచి ఒక నియమం ఉండేది, రేడియో లైసెన్స్ తీసుకున్నోడు వివాదం ఉన్న విషయం మాట్లాడితే అవతలి వాళ్ల వాదనకు కూడా చోటు ఇవ్వాలి అని. 1987లో తీసేశారు. మరుసటి ఏడాదే రష్ లింబా అనే ఆయన కార్యక్రమం దేశమంతా మొదలైంది, రోజుకు మూడు గంటలు ఒక పార్టీ మాటే. తర్వాత ఆయన దారిలో ఎంతమంది వచ్చారో లెక్క లేదు.

అక్కడే ఇంకో సంగతి తెలిసి నేను చాలాసేపు ఆలోచించాను. హ్యూ హ్యూయిట్ అని ఒక రేడియో ఆయన. రిపబ్లికన్ పార్టీ మనిషినని బాజాప్తా చెప్పుకుంటాడు. 2015 సెప్టెంబర్‌లో ఆ పార్టీ అధ్యక్ష టికెట్ కోసం పోటీలో ఉన్న ట్రంప్‌ను తన రేడియోలో ఇరాన్ కుద్స్ ఫోర్స్ గురించి అడిగాడు, అది ఇరాన్ సైన్యంలో బయటి దేశాల పనులు చూసే దళం. ట్రంప్ అది కుర్దులు అనే వేరే జాతి వాళ్ల గురించి అనుకొని జవాబు చెప్పాడు. తర్వాత కోపంతో ఆయన్ని మూడో రకం రేడియో అనౌన్సర్ అన్నాడు. అదే నెలలో జరిగిన ఆ పార్టీ అభ్యర్థుల డిబేట్‌లో, ట్రంప్ కూడా ఉన్న వేదిక మీద, ప్రశ్నలు వేసిన వాళ్లలో హ్యూయిట్ కూడా ఉన్నాడు. సొంత పార్టీ మనిషే సొంత పార్టీ నాయకుడికి చెమట పట్టించే ప్రశ్న వేశాడు. మన దగ్గర ఏ చానల్ యాంకరైనా తన ఓనర్ పార్టీ మంత్రిని అట్లా అడగడం మీరు ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

మన దేశంలో ప్రైవేట్ ఎఫ్ఎంలకు సొంతంగా వార్తలు చెప్పే పర్మిషనే లేదు, ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు తిరిగి వినిపించొచ్చు, అంతే. అందుకే ఆ రేడియో గోల మనకు టీవీ, యూట్యూబ్ రూపంలో వచ్చింది. ఎన్నికలప్పుడు ఆకాశవాణిలో పార్టీలకు సమయం పంచి ఇస్తారు కదా, ఏం మాట్లాడతారో ముందే రాసి ఇవ్వాలి, ఎన్నికల సంఘం నియమాల ప్రకారం దాన్ని ముందే చూస్తారు. మా నాయన పత్తి చేను దగ్గర ట్రాన్సిస్టర్ పెట్టుకొని అవన్నీ వినేవాడు, తనకు గిట్టని పార్టీ ప్రసంగం కూడా చివరిదాకా. చప్పగా ఉండేది, నిజమే. కానీ ఎవరి వంతు వాళ్లకు వచ్చేది. గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ప్రజల ఆస్తి మీద నడుస్తూ ప్రజల నోటి ముందు నుంచి మైకు గుంజుకుంటే ఎట్లా?

గుంజుకుంటే ఏమవుతుందో మా జిల్లా ఒకసారి చూపించింది. 1996లో నల్గొండ పార్లమెంటు సీటుకు 480 మంది పోటీ చేశారు. ఎక్కువ మంది గెలవడానికి కాదు, మా నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని జలసాధన సమితి వేయించిన నామినేషన్లు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఆ తర్వాత డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచారు. అడిగినోళ్లు ఎక్కువయ్యారని అడిగే రేటు పెంచారు అనిపిస్తుంది నాకు, ఇప్పటికీ.

ఆ నీళ్ల కోసమే తవ్వుతున్న ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. జార్ఖండ్ నుంచి, పంజాబ్ నుంచి పని కోసం వచ్చినోళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఆ వారం నేను రాత్రిళ్లు కూర్చొని డిబేట్లు చూశాను. సుమారు 44 కిలోమీటర్ల సొరంగంలో ఇంకా తొమ్మిదిన్నర మిగిలింది, అక్కడ రాయి ఎట్లాంటిది, నీటి ఊట ఎంత, ముందే ఏం గమనించారు, ఇవి అడుగుతారేమో అని. నేను చూసినన్ని చర్చల్లో పాపం మీదంటే మీది అనే లొల్లే నడిచింది. లోపల ఉన్నోళ్ల ఇంటివాళ్లు కూడా అవి చూస్తుంటారు అనే ఆలోచన ఎవరికీ రాలేదు.

కొందరు అంటారు, జనం చూస్తారు కాబట్టే వాళ్లు పెడతారు అని. అన్నా, హోటల్‌లో, బార్బర్ షాపులో, బస్టాండ్‌లో ఎవడో పెట్టిన చానల్ ముందు కూర్చుంటే అది మేము అడిగి చూసినట్టు ఎట్లా అవుతుంది?

మా జిల్లాకు మళ్లీ ఎన్నికలు వస్తాయి, కెమెరాలూ వస్తాయి. డిబేట్ పెట్టేవాళ్లు ఇది చదువుతుంటే నేను అడిగేది రెండే. మీరు ఏ పార్టీ వైపో మొదటి నిమిషంలో చెప్పండి, చెప్పి మీ పార్టీ ఆయన్నే ముందు గట్టిగా అడగండి. నా ఇన్‌బాక్స్‌కు మెసేజ్ పెడితే మా మామను నేనే తీసుకొస్తాను. ప్రశ్న పూర్తయ్యేదాకా మైకు ఆయన చేతిలోనే ఉండాలి. ఎక్కువసేపు నిలబడలేడు, కుర్చీ ఒకటి వేయండి.